నేస్తం వాటా

పోయిన వారం ధర్మేంద్ర చేసిన ఘనకార్యం మీకు గుర్తుండే ఉంటుంది. గుర్తులేనివారి కోసం, ఈ వారమే కొత్తగా చేరినవారి కోసం జరిగింది మళ్ళీ ఒకసారి చెప్పుకుందాం. మంచి సంగతైతే రెండుసార్లు చెప్పుకున్నా బాగుండేది.

బొబ్బిలికి దగ్గర్లో వరి, గోగు పండించుకుని బతికే మనిషి ధర్మేంద్ర. అతని భార్య దుర్గాభవానికి హెపటైటిస్ సి అనే జబ్బు ఉందనీ, కాలేయం అప్పుడే గట్టిపడుతోందనీ విశాఖపట్నం డాక్టరు తేల్చాడు. ఆమెకు సరిపడే కొత్త మాత్ర అమెరికాలో ఉంది. దాని వెల వింటే ధర్మేంద్ర పొలమే కాదు, ఊరు ఊరంతా అమ్మినా చాలదు. అదే మందు మనకు ఇంకా రాలేదు గాని, బంగ్లాదేశ్‌లో మామూలు మనుషులు కొనుక్కోగలిగే ధరకు అప్పటికే తయారవుతోంది. పాతపట్నంలో బట్టల కొట్టున్న నరేష్ చీరల కోసం కలకత్తా వెళ్ళివస్తుంటాడు. అక్కడి పరిచయస్తులతో ఢాకా నుంచి మందు తెప్పించి ఇచ్చాడు. భవాని మూడు నెలలు మందు వాడింది. ఆ తర్వాత మరికొన్నాళ్ళు ఆగి రక్తపరీక్ష చేయిస్తే, జబ్బు ఉన్నచోటనే ఉంది.

అంతే, ధర్మేంద్రకు ఒళ్ళు తెలియలేదు. ఆ పరీక్ష కాగితంతో తిన్నగా పాతపట్నం బస్సెక్కాడు. కొట్టు నిండా ఆడవాళ్ళు చీరలు బేరమాడుతుండగా ఖాళీ మందుడబ్బా నరేష్ ముఖాన విసిరాడు. "సుద్దముక్కలకి రంగేసి అమ్మినావురా. ఏటి పెట్టినావురా మా ఇంటిదానికి?" అని అరిచాడు. తాతల నాటి కొట్టు అది. నరేష్ ఒక్క మాట అనకుండా కింద పడ్డ డబ్బా తీసి గల్లాపెట్టె మీద పెట్టుకున్నాడు. మనం అక్కడ ఆపాం.

ఇక ఈ వారం కథ. మధ్యాహ్నం భోజనాలయ్యాక ధర్మేంద్ర వసారాలో కూర్చుని గోగునారతో ఎద్దుకు పలుపు పేనుతున్నాడు. పనేమీ తోచనప్పుడు అతను చేసే పని అది. ఈ రెండు వారాల్లో పేనిన పలుపులతో ఊళ్ళో ఎద్దులన్నిటినీ కట్టెయ్యొచ్చు. భవాని లోపల పడుకుని ఉంది. ఆమె పొద్దున్నుంచీ కంచంలో పెట్టుకున్నది రెండు మెతుకులు, తిన్నది ఒకటి. మాటలైతే అవీ లేవు. మందు పనిచెయ్యలేదని తెలిసినప్పటి నుంచి భవాని ఇలా అయిపోయిందని ధర్మేంద్ర అనుకుంటున్నాడు. చచ్చిపోతానన్న బెంగ కాబోలని, ఆ బెంగకు తన దగ్గర విరుగుడు లేదని, నార లాగిలాగి పేనుతున్నాడు.

వీధి మొగలో ఆటో ఆగింది. అందులోంచి దిగిన మనిషిని చూసి ధర్మేంద్ర చేతిలో నార జారిపోయింది. నరేష్. వెనకనే ఒక సన్నటావిడ, చేతిలో బట్టలసంచి. ఆటో వెళ్ళిపోలేదు, అక్కడే నీడకు ఆగింది.

పోలీసులను కూడా తెచ్చాడేమోనని ధర్మేంద్ర వాళ్ళ వెనక చూశాడు. ఎవరూ లేరు.

"కూర్చోమని మీరనరు. మేమే కూర్చుంటాం" అన్నాడు నరేష్, అరుగు మీద తుండు వేసి. "ఈవిడ మా ఇంటావిడ, హేమ. పాతపట్నం నుంచి బస్సు మారి, ఆటో మాటాడుకుని వచ్చాం. తిట్టడానికి రాలేదు లెండి. తిట్టడానికైతే ఫోన్ చాలును."

"దేనికొచ్చినావు మరి?"

"నా సరుకు సుద్దముక్క కాదని చెప్పడానికి."

హేమ సంచిలోంచి ఒక ఖాళీ డబ్బా తీసి అరుగు మీద పెట్టింది. ధర్మేంద్రకు ఆ డబ్బా తెలుసు. అదే తెల్లటి మూత, అదే ఎర్ర గీత.

"మీ ఆవిడ వేసుకున్న మందే నేనూ వేసుకున్నానన్నా" అంది హేమ. "మా చిన్నోడు పుట్టినప్పుడు నాకు రక్తం ఎక్కించారు. దాంతో అంటుకుందన్నారు. ఈయన కలకత్తా నుంచి తెచ్చిన ఒకే సంచిలో మీ ఆవిడవీ నావీ కలిసి వచ్చాయి. మా మంచం మీదే రెండు కుప్పలు పెట్టి సర్దాను. నాకు ఇప్పుడు లేదు. రెండుసార్లు పరీక్ష చేశారు, రెండుసార్లూ లేదన్నారు."

ధర్మేంద్ర ఆవిడ ముఖంలోకి చూశాడు. కళ్ళు తెల్లగా ఉన్నాయి. మనిషి సన్నగా ఉన్నా పీక్కుపోయినట్టు లేదు. భవాని కళ్ళ పసుపు రోజూ చూస్తున్నవాడికి ఆ తెలుపు ముల్లులా గుచ్చుకుంది. సంతోషించాల్సింది పోయి అతనికి ఒళ్ళు మండింది.

"మీ ఇంటికి మంచిదీ మా ఇంటికి మట్టీ ఒచ్చింది కాబోలు. సావుకార్లు గదా, ఏరుకోడం మీకు తెలస్తాది."

నరేష్ ముఖం నల్లబడింది. అయినా గొంతు పెంచలేదు. "మా తాత రోజుల్నుంచి మా కొట్లో ఒక మాటుంది బాబూ. సరుకు బాగులేదని మనిషి గుమ్మంలోకి వస్తే, తప్పు ఎవరిదన్నది తర్వాత, ముందు మారు సరుకు ఇచ్చెయ్యడం. చిరిగిన చీరైతే అదే రోజు ఇస్తాం. దీనికి కలకత్తా పోవాలి గనక ఆలస్యమైంది." సంచిలోంచి ఒక అట్టపెట్టె తీసి డబ్బా పక్కన పెట్టాడు. "ఇది మొత్తం మూడు నెలలకీ సరిపడేది. మీరు నాకేమీ ఇవ్వక్కర్లేదు. డాక్టరుకి చూపించి, ఈసారి ఎలా వాడాలో, ఇంకేదైనా కలిపి వాడాలో కనుక్కుని మొదలుపెట్టండి. దీంతోనూ పోకపోతే అప్పుడు పోలీసుల్ని తెచ్చుకోండి. నేను కొట్లోనే ఉంటాను."

తిట్టించుకున్నవాడు తిరిగి తిడితే ధర్మేంద్ర దగ్గర జవాబు ఉంటుంది. అదే మనిషి మందు తెచ్చి అరుగు మీద పెడితే ఏముంటుంది?

"ఒకటి మాత్రం చెప్పాలి" అన్నాడు నరేష్. "ఇంక తేలేను. ఇది ఇచ్చి వెళ్ళాక, అవతల నుంచి తెచ్చే మనిషిని సరిహద్దు దగ్గర పట్టుకున్నారట. ఇంటికెళ్ళి అడిగితే వాళ్ళావిడ తలుపు కూడా తియ్యలేదు. మన దగ్గరే తయారవుతుందంటున్నారు. ఈ ఏడో, వచ్చే ఏడో. నాకైతే తెలీదు. నా చేతిలో ఉన్నది ఇదొక్కటే."

విశాఖపట్నం డాక్టరు మాట ధర్మేంద్ర చెవిలో మళ్ళీ వినబడింది. కాలేయం ఇంకొంచెం గట్టిపడితే మందు ఉన్నా చేసేదేమీ ఉండదు. అంటే ఈ ఏడో, వచ్చే ఏడో అని కూర్చునే తీరిక భవానికి లేదు. ఉన్నది ఈ పెట్టె.

అప్పుడు భవాని రెండు గ్లాసులతో మంచినీళ్ళు పట్టుకొచ్చింది. గోడ పట్టుకుని నడుస్తోంది. హేమ లేచి గ్లాసులు అందుకుని ఆమెను చెయ్యిపట్టి తన పక్కన కూర్చోబెట్టుకుంది. ఒకే జబ్బు పడినవాళ్ళకు పలకరింపులు అక్కర్లేదు కాబోలు. ఇద్దరూ ఎప్పటినుంచో ఎరిగినవాళ్ళలా ఆనుకుని కూర్చున్నారు.

"రోజూ వేసుకున్నావా అక్కా?" అని అడిగింది హేమ.

"రోజూ ఏసుకున్నాను."

"ఒక్కరోజైనా మర్చిపోలేదా?"

"నేదమ్మా. పొద్దు పొడిసేసరికి ఏసుకున్నాను."

"నాకైతే మింగడానికి ప్రాణం పోయేది. అంత లావు మాత్ర. గొంతులో అడ్డంపడితే అరటిపండు ముక్క పెట్టి మింగేదాన్ని. నీకెలా పడిందక్కా?"

ఆ మాటకు భవాని గ్లాసు కేసి చూసింది. నరేష్ కేసి చూసింది. ఖాళీ డబ్బా తగిలిన గీత అతని నుదుటి మీద ఇంకా మానలేదు. ఆ గీత మీద ఆమె చూపు చాలాసేపు నిలబడింది. తర్వాత లేచి లోపలికి వెళ్ళింది. వంటింట్లో గూటిలోంచి ఏదో తీసిన చప్పుడైంది. తిరిగి వచ్చి మొగుడి ముందు ఒక వస్తువు పెట్టింది.

అడకత్తెర. అత్తగారు వక్కలు కత్తిరించుకున్న పాత ఇత్తడిది. ఆవిడ పోయాక ఆ ఇంట్లో వక్క నమిలేవాళ్ళు లేరు. అలాంటిది దాని పంటి దగ్గర, మరచీల సందున, గులాబీరంగు పొడి పట్టి ఉంది.

"సావుకారి తప్పు నేదు మావా" అంది భవాని. "ఆ మందు మంచిదే. నాను సగమే ఏసుకున్నాను."

ధర్మేంద్రకు అర్థం కాలేదు. "సగమేటి? మిగతా సగం పారేసినావా?"

"పారేస్తానా? మా నేస్తానికిచ్చినాను."

వీధి మొగలో ఆటోవాడి పాట వసారాలోకి వినిపించింది.

ఈ ప్రాంతంలో నేస్తరికం అంటే ఎవరికీ వేరే చెప్పక్కర్లేదు. పెద్దల ముందు బట్టలు, పసుపుకుంకాలు మార్చుకుని నేస్తం కట్టినవాళ్ళు ఆ రోజు నుంచి పేరు పెట్టి పిలుచుకోరు. ఇంట్లో పనసకాయ కోస్తే ఒక చెక్క నేస్తానిది. కొత్తబియ్యం వండితే ఒక గిన్నె నేస్తానిది. తోడబుట్టినదానికి పెట్టకపోయినా ఊరు ఊరుకుంటుంది, నేస్తానికి పెట్టకపోతే ఊరుకోదు. ఒకే ఏడు ఈ ఊరికి కోడళ్ళుగా వచ్చి, అమ్మ కోసం ఊరి పక్క వాగు, గెడ్డ ఒడ్డున కూర్చుని కలిసి ఏడ్చిన భవాని, అప్పలనరసమ్మ అలా నేస్తం కట్టారు. ఆ రోజుల్లో వాళ్ళ మొగుళ్ళు కూడా ఒక బీడీ ఇద్దరు కాల్చినవాళ్ళే. తర్వాత పొలాలకు కాలవ నీళ్ళు వదిలే మదుము దగ్గర వంతు కోసం ధర్మేంద్ర, అప్పలనరసమ్మ మొగుడు జగన్నాధం తలలు పగలగొట్టుకున్నారు. కోర్టుకెక్కారు. ఇప్పటికీ ఒకడు వీధిలో వస్తే రెండోవాడు సందులోకి తిరుగుతాడు. నీళ్ళు ఎటు పారినా ఆడవాళ్ళ నేస్తరికం మాత్రం ఎండలేదన్న సంగతి ధర్మేంద్రకు తెలుసు. తెలియనట్టు ఉండేవాడు. మందు కూడా వాటా వేసుకుంటారని మాత్రం కలలో కూడా అనుకోలేదు.

"ఆ జగన్నాధంగాడి పెళ్ళానికా?" అన్నాడు.

"మా నేస్తానికి" అంది భవాని. మాట సర్దినట్టుగా అంది గాని ఎదురు చెప్పినట్టు అనలేదు.

"దానికెందుకే ఈ మందు?"

భవాని జాకెట్టు చెయ్యి కొద్దిగా పైకి లాగి మోచేతి మీది పచ్చబొట్టు చూపించింది. రెండు చుక్కలు, మధ్యలో చిన్న పువ్వు. ఎండకీ పనికీ మాసి ఆకుపచ్చ కూడా కాని రంగుకు తిరిగింది.

"డాక్టరుబాబు ఏటడిగినాడో నీకు గేపకముందా? రక్తం ఎక్కించుకున్నావా అన్నాడు, నేదన్నాను. ఆపరేషనైందా అన్నాడు, నేదన్నాను. పచ్చబొట్టుందా అన్నాడు. ఉందన్నాను. అదీ కారణం కావచ్చు, సెప్పలేం అన్నాడు. నేస్తం కట్టిన ఏడు ఇజీనారం జాతరకెళ్ళి ఇద్దరం ఏయించుకున్నాం మావా. ఒకటే సూది. ముందు మా నేస్తం సెయ్యి సాపింది. దాన్ని పొడిసిన సూదితోనే నన్ను పొడిసినాడు. నాకుంటే దానికుండదా? ఆసుపత్రి మెట్లు దిగతన్నప్పుడే అనుకున్నాను. నీతో అంటే ఏటంటావో తెలుసు. బొబ్బిలి తీసుకెళ్ళి పరీచ్చ సేయించినాను. దానికీ ఉన్నాది."

"మొగుడికి సెప్పుకోవాల. మందు తెప్పించుకోవాల. నీ నోటికాడిది ఇచ్చెయ్యడమేటి?"

"సెప్పుకుంటే కంచం ఏరు పెడతారు, పొయ్యి కాడికి రానియ్యరు. నాకు నువ్వు పెట్టనేదు. అందరూ నీలాగుంటారేటి?" జాకెట్టు చెయ్యి కిందికి లాక్కుంది. మళ్ళీ తనే అంది. "జొరం మాత్ర పిల్లలకి సగం ఇరిసి ఇత్తాం గదా. నాకు ఒళ్ళెక్కడుంది, సగం సాల్తాది అనుకున్నాను. తగ్గడం కాస్త ఆలస్యమౌతాదేమో, అంతేగదా అనుకున్నాను. పొద్దున్నే గెడ్డకాడికెళ్ళి దాని సగం దాని సేతిలో ఎట్టి, ఇద్దరం ఒకసారే మింగేవోళ్ళం. దానికి ఎట్టకుండా నా నోట్లో ఎలగ ఏసుకోను? నువ్వు సెప్పు మావా."

జవాబు హేమ చెప్పింది. చెప్పక తప్పదన్నట్టు, లేచి వెళ్ళి భవాని చెయ్యి పట్టుకుని చెప్పింది.

"అక్కా, ఈ మందుకి సగం లేదు. సగం వేస్తే ఆ పురుగు చావదు. కొన్నాళ్ళు నక్కి ఉంటుంది, మళ్ళీ లేస్తుంది. మందుకి అలవాటు కూడా పడుతుందంట. నువ్వు వేసుకున్నది నీకూ అక్కరకు రాలేదు, ఆవిడకీ వచ్చుండదు."

భవాని తల ఊపింది. "తెలిసింది. కాగితం ఒచ్చిన రోజే తెలిసింది. డాక్టరుబాబు 'మాత్ర మొత్తం వేసుకున్నావా' అని అడిగితే, ఔనన్నాను. అనేసినాక ఇంక తిరగనేకపోయినాను. నువ్వు పాతపట్నం ఎల్తన్నానంటే గుమ్మంలో అడ్డంపడదామనుకున్నాను. నోరు రానేదు. నాను సచ్చిపోతానని కాదు మావా నా ఏడుపు. మందిచ్చిన మనిషి మొకాన నువ్వు డబ్బా ఇసిరితే, నాను ఇంట్లో కూకుని ఊరుకున్నాను."

ధర్మేంద్రకు భార్యను కొట్టాలనిపించింది. ఆమెను పట్టుకుని ఏడవాలనిపించింది. రెండూ చెయ్యలేదు. అడకత్తెర తీసి చూశాడు. ఆ సందున పట్టిన పొడి వేలితో గీకితే గోట్లోకి వచ్చింది. దాని కోసం ఎన్ని ఊళ్ళు తిరిగాడో, ఎన్ని గుమ్మాల ముందు తలవంచాడో అంతా ఆ గోట్లో ఉంది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటారు. ఇక్కడ పట్టుకోవడానికి ఆకులు కూడా ఒక్క కొమ్మకే ఉన్నాయి.

లేచి నరేష్ ముందుకు వెళ్ళాడు. భుజం మీది తువ్వాలు తీసి చేతిలో పట్టుకున్నాడు.

"తప్పయిపోయింది సావుకారా."

"పోనీ లెండి" అన్నాడు నరేష్. నుదుటి గీత మీద చెయ్యి పెట్టుకుని, అదేదో తనకే సిగ్గయినట్టు దించేశాడు. "కొట్లో అందరి ముందూ అన్నారు. వీలైతే ఎప్పుడైనా కొట్లోకొచ్చి ఈ మాట అనండి. నాకోసం కాదు, మా నాన్న కోసం. ఆ రోజు నుంచి ఆయన కొట్టుకి రావడంలేదు."

ధర్మేంద్ర తల ఊపాడు. వెళ్తాడు కూడా. నిజానికి అతని కళ్ళు అప్పటికే అట్టపెట్టె మీద ఉన్నాయి. ఒకే ఒక్క పెట్టె. పనసకాయ కాదు, చెక్క కోసి పంపడానికి. దాన్ని తీసి రెండు చేతులా పట్టుకుని భవాని ముందు చతికిలబడ్డాడు.

"దీని మీద సెయ్యెయ్యి" అన్నాడు.

భవాని వెయ్యలేదు.

"సెయ్యేసి పెమాణం సెయ్యి. ఇందులో ఒక్క ముక్క, ఒక్క పొడి, గెడ్డ దాటదని నా మీద ఒట్టెయ్యి. నువ్వు బతకాల భవానీ. నాకింకేటీ ఒద్దు."

"నాను బతికి?"

"నువ్వు బతికి నా ఎదర కూకో. తిట్టు. వండకపోయినా పర్లేదు."

భవాని నవ్వబోయింది. అది నవ్వు కాలేదు. "నేస్తం కట్టినప్పుడు అమ్మోరి ఎదర సేసిన పెమాణం ముందుది మావా. నీది తర్వాతది. దాన్నొదిలేసి దీన్నెలగ సెయ్యను?"

"అయితే నానే ఎల్లి ఆ జగన్నాధానికి సెప్పేస్తాను. నీ పెళ్ళానికి జబ్బు, నీ పెళ్ళాన్ని నువ్వే సూసుకో అంటాను. ఆడి మందు ఆడే తెచ్చుకుంటాడు."

"ఎక్కణ్ణుంచి తెస్తాడు?" అంది భవాని. ధర్మేంద్ర నరేష్ వైపు చూశాడు. నరేష్ నేల చూశాడు.

అయినా ధర్మేంద్ర లేచాడు. పెట్టె చంకలో పెట్టుకునే లేచాడు. అది అక్కడ వదిలితే చాలు, అడకత్తెర పక్కనే ఉంది మరి. వెళ్ళి చెప్పడమే మంచిదనిపించింది. చెబితే జగన్నాధం పెళ్ళాన్ని తిడతాడు, గెడ్డ వైపు వెళ్ళకుండా కట్టడి చేస్తాడు, ఇక భవాని తనంతట తాను బతుకుతుంది. ఇందులో చెడ్డతనం ఉందని అతనికి తెలియకపోలేదు. తెలిసే చెప్పుల్లో కాళ్ళు పెట్టాడు.

మెట్టు దిగకముందే ఎదురుగా జగన్నాధం కనిపించాడు.

మదుము గొడవ తర్వాత ఆ మనిషి ఈ వాకిట్లోకి రాలేదు. ఇప్పుడు వచ్చినవాడు చెప్పుల్లేకుండా వచ్చాడు. చొక్కా గుండీలు పెట్టుకోలేదు. పంచె ముందుభాగమంతా తడిసి ఉంది. ముందు నీళ్ళనుకున్నాడు ధర్మేంద్ర. దగ్గరికి వచ్చాక నీళ్ళు కాదని తెలిసింది.

"ధర్మా" అన్నాడు జగన్నాధం. ఇద్దరూ ఒక బీడీ కాల్చిన రోజుల్లో పిలిచిన పిలుపది. "మా ఇంటిది రగతం కక్కుకున్నాది. గెన్నెడు. మళ్ళీ కక్కుకున్నాది."

భవాని గుమ్మం పట్టుకుని లేచింది. ఆమె నోటివెంట "నేస్తం" అన్న మాట వచ్చింది. ఎవరినీ చూడకుండా మెట్లు దిగి, గోడా ఆసరా లేకుండా వాకిలి దాటబోయింది. హేమ పరుగున వెళ్ళి ఆమె నడుం పట్టుకుంది.

"మీ ఆవిడ్ని ముందు ఆసుపత్రికి తీసుకుపోవాలి" అంది హేమ, జగన్నాధంతో. "మా ఆటో వీధి మొగనే ఉంది. ఎక్కించండి. మాటలు తర్వాత." నరేష్ అప్పటికే ఆటో కోసం పరుగెత్తాడు.

జగన్నాధం కదల్లేదు. మూసి ఉన్న గుప్పిట ధర్మేంద్ర ముందు చాపి విప్పాడు. అరచేతిలో గులాబీరంగు మాత్ర ముక్క. అడకత్తెరతో తెగిన అంచు నున్నగా ఉంది.

"కొంగుముడిలో దాసుకున్నాది" అన్నాడు. "బాగులేనప్పుడు ఏసుకుందామని ఆకరి ముక్క దాసినానన్నాది. ఇప్పుడు నోట్లో ఎయ్యమని అడగతాది. ఏటే ఇది అంటే, నేస్తం ఇచ్చిందన్నాది. అంతకన్నా సెప్పనేదు. మనిద్దరికీ కోర్టుంటే ఉన్నాది ధర్మా, అది మన మద్దెన. ఆడకూతురి మీదకెందుకు తెచ్చినారు? ఏటి పెట్టినారు మా ఇంటిదానికి?"

ఆ మాట ధర్మేంద్రకు కొత్త కాదు. పాతపట్నంలో చీరల మధ్య నిలబడి తను అన్నదే. ఆ రోజు నరేష్ జవాబెందుకు చెప్పలేదో ఇప్పుడు తెలిసింది. ఇంటిమనిషి పోతోందన్న భయంతో వచ్చినవాడికి ఏ జవాబూ చెవికెక్కదు.

"ఇసం కాదు జగన్నా" అన్నాడు ఎలాగో. "మందే."

"మందా?" జగన్నాధం ఆ ముక్కను ఎండకు పట్టి చూశాడు. వాకిలి దాటుతున్న భవాని ఆగి వెనక్కి తిరిగింది.

"మందైతే మిగతాదేది ధర్మా? ఎక్కడున్నాది?"

చంకలో ఉన్న అట్టపెట్టె ఎప్పుడు చేతిలోకి వచ్చిందో ధర్మేంద్రకు తెలియదు. అది పట్టుకున్న చెయ్యి దానంతట అదే మెల్లగా వీపు వెనక్కి పోయింది.

జగన్నాధం కళ్ళు మాత్ర ముక్క మీదే ఉన్నాయి, అతను చూడలేదు. భవాని చూసింది.